డీఎన్ఎస్ మీద దాడులు: పలాసలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల ఇళ్లకీ జీడిపప్పు ఫ్యాక్టరీలకీ నెట్ కనెక్షన్లు బిగించడం, రౌటర్ మొరాయిస్తే బండేసుకుని వెళ్లి చూడడం, కొంతమంది చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. వెళ్లిన చోటల్లా టీ ఇస్తారు, టీతో పాటు ప్రశ్నలూ వేస్తారు. ఎక్కువగా వచ్చేవి ఇక్కడ రాస్తున్నాను, దాదాపు వాళ్లు అడిగిన మాటల్లోనే.

డీఎన్ఎస్ అంటే ఏటి బాబూ, దానికీ నెట్‌కీ ఏటి సంబంధం?

మీరు బ్రౌజర్‌లో పేరు కొడతారు. కంప్యూటర్‌కి పేరుతో పని లేదు, దానికి కావాల్సింది అంకెల్లో ఉండే అడ్రసు. ఫలానా పేరుకి ఫలానా అంకెలు అని చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్.

అయితే అన్నీ ఒకే పుస్తకంలో రాసి ఉండవు. కొత్త మనిషి ఒకడు మన జిల్లాలో ఎవరిదో ఇల్లు వెతుక్కుంటున్నాడనుకోండి, కలెక్టరేట్లో అడిగితే "పలాస మండలం ఆఫీసులో అడుగు" అంటారు, మండలంలో అడిగితే "ఆ ఊరి సచివాలయానికి వెళ్లు" అంటారు, సచివాలయంలో ఇంటి నంబరు చెప్తారు. ఇదీ అంతే. కలెక్టరేట్ లాంటివి రూట్ సర్వర్లు, మండలం లాంటివి డాట్ కామ్, డాట్ ఇన్ పేర్లు చూసుకునే సర్వర్లు, సచివాలయం లాంటిది ఆ సైటు సొంత డీఎన్ఎస్ సర్వర్. మీ తరఫున ఇన్ని ఆఫీసులూ తిరిగి జవాబు తెచ్చేదాన్ని రిసాల్వర్ అంటారు, మామూలుగా అది మీకు నెట్ ఇచ్చే కంపెనీ దగ్గరే ఉంటుంది. తెచ్చిన జవాబుని అది కొంతసేపు దాచుకుంటుంది, పక్కింటివాళ్లు అదే అడిగితే మళ్లీ తిరిగే పని లేకుండా. ఆ దాచుకున్నదే క్యాష్.

1983లో పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన దీన్ని రూపొందించాడు. అంతకు ముందు అమెరికాలో ఎస్ఆర్ఐ అనే సంస్థ దగ్గర ఒకే ఒక ఫైల్లో అన్ని కంప్యూటర్ల పేర్లూ రాసి ఉంచేవారు, మిగతావాళ్లంతా దాన్ని దింపుకుని వాడుకునేవారు. ఊరు చిన్నదైనంత కాలం నడిచింది.

మరి దొంగ ఎక్కడ దూరతాడు?

అడగడానికీ చెప్పడానికీ మధ్యలో ఎక్కడైనా. ఈ ఏర్పాటు చేసిన రోజుల్లో నెట్ వాడేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, అబద్ధం చెప్పేవాడు ఉంటాడన్న ఆలోచనే ఎవరికీ లేదు. అందుకని ప్రశ్న సీలు లేని కార్డు ముక్క మీద వెళ్తుంది, జవాబూ అలాగే వస్తుంది, చెప్పినవాడు నిజంగా వాడేనా అని అడిగే దిక్కు లేదు. మీ ఇంటి రౌటర్ దగ్గర మార్చొచ్చు, రిసాల్వర్‌ని మోసం చేయొచ్చు, సైటు ఓనర్ అకౌంట్‌లోకి దూరి అసలు అడ్రసునే తిరగరాయొచ్చు, ఇవేవీ కాకపోతే జవాబు చెప్పే సర్వర్ మీదకి జనాన్ని ఉసిగొలిపి అది ఎవరికీ చెప్పలేకుండా చేయొచ్చు. టీవీలో ఈ చివరిదే ఎక్కువగా చూపిస్తారు. నాకు ఊళ్లో ఎదురయ్యేవి మాత్రం మొదటిదీ మూడోదీ.

మా ఇంటి రౌటర్‌ని ఎవడు హ్యాక్ చేస్తాడండీ, మా దగ్గర ఏముందని?

ఈ మాట అనని ఇల్లు లేదు. దొంగ మీ ఇల్లు ఏరుకుని రాడు. వాడు నడిపే ప్రోగ్రాం ప్రపంచంలో కనబడిన ప్రతి రౌటర్ తలుపూ తట్టి చూస్తుంది, తెరుచుకున్నదాంట్లో దూరుతుంది. అంతే.

ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో జరిగింది చెప్తాను. గుమస్తా ఫోన్ చేసి "అన్నా, బ్యాంకు పేజీ ఏదో తేడాగా ఉంది, ఏటీఎం పిన్ కూడా అడుగుతోంది" అన్నాడు. నెట్ బ్యాంకింగ్‌లో ఏటీఎం పిన్ ఎందుకు అడుగుతారు? ఏమీ కొట్టొద్దని చెప్పి వెళ్లాను. పేజీ చూస్తే అచ్చు బ్యాంకుదే, రంగులు అవే, లోగో అదే, పైన కొట్టిన పేరు కూడా సరైనదే, ఒక్క అక్షరం తేడా లేదు. తాళం గుర్తు ఉండాల్సిన చోట మాత్రం ఎర్రగీత. "ఇది తెరుచుకునే ముందు ఏమైనా అడిగిందా?" అంటే, "ఆ, ఏదో ఇంగ్లీషులో ఎర్ర పేజీ వచ్చిందన్నా, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లిపోయాను, అది ఎప్పుడూ వచ్చేదే కదా" అన్నాడు. ఎప్పుడూ వచ్చేది కాదు నాయనా అది. "నువ్వు వెళ్తున్నది బ్యాంకుకి కాదు" అని బ్రౌజర్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పడం.

నా ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో అదే పేరు కొడితే అసలు బ్యాంకు వచ్చింది. అంటే గొడవ ఆ ఆఫీసు వైఫైలోనే. 192.168.1.1 కొట్టి రౌటర్‌లోకి వెళ్లాను, యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్, బిగించిన నాటి నుంచీ అదే. లోపల డీఎన్ఎస్ అని ఉన్న గడిలో మా కంపెనీవీ కాని, గూగుల్‌వీ కాని, ఎప్పుడూ చూడని అంకెలు. ఆ ఒక్క గడి మారిస్తే చాలు, ఆ వైఫైలో ఉన్న ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ అడ్రసు కోసం దొంగనే అడుగుతాయి. పైగా వాడు మిగతా సైట్లన్నిటికీ సరైన అడ్రసే ఇస్తాడు, బ్యాంకు దగ్గర మాత్రమే మారుస్తాడు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ రౌటర్ బిగించింది నేనే అని కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో తొందరలో పాస్‌వర్డ్ మార్చకుండా వచ్చేసేవాణ్ని.

ఇది కొత్త ఆట కూడా కాదు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ 2007 నుంచి కంప్యూటర్లలో ఇదే గడి మారుస్తూ పోయింది, దాదాపు 40 లక్షల కంప్యూటర్లు. 2011 నవంబర్‌లో ఎస్టోనియాలో ముఠాని పట్టుకున్నారు. తమాషా ఏంటంటే దొంగల సర్వర్లని వెంటనే ఆపేస్తే ఆ లక్షల మందికీ నెట్ పోతుంది కాబట్టి, కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జులై 9 దాకా నడపాల్సి వచ్చింది. 2018లో బ్రెజిల్‌లో లక్షకు పైగా ఇంటి రౌటర్లని ఇలాగే మార్చారు, అక్కడా వాళ్ల కన్ను బ్యాంకు పేజీల మీదే.

సరే, మా రౌటర్‌కి ఇప్పుడు ఏం చేయాలి?

వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కి రీసెట్ చేయండి, కానీ ముందు మీ నెట్ యూజర్ పేరూ పాస్‌వర్డూ దగ్గర పెట్టుకోండి, లేకపోతే ఆదివారం పూట నాకు ఫోన్ చేస్తారు. తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, చాలామంది మొదటిది మార్చి రెండోదీ మారిందనుకుంటారు. రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటే ఆపేయండి, బయటి నుంచి రౌటర్ తెరవాల్సిన అవసరం మీకు లేదు. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇస్తే వేయండి, ఇవ్వడం మానేసి ఏళ్లయితే రౌటర్నే మార్చండి.

రిసాల్వర్‌నే మోసం చేస్తారంటారు, అదెలా?

దీన్ని క్యాష్ పాయిజనింగ్ అంటారు. రిసాల్వర్ ప్రశ్న పంపేటప్పుడు దాని మీద ఒక నంబరు వేస్తుంది, జవాబు మీద అదే నంబరు ఉంటే నమ్ముతుంది. రెండు జవాబులు వస్తే నంబరు కలిసినవాటిలో ముందొచ్చిందే నెగ్గుతుంది. ఆ నంబరు 65,536 రకాలుగానే ఉండగలదు. దొంగ ఊహించి నంబర్లు వేసి వందల కొద్దీ దొంగ జవాబులు కుమ్మరిస్తాడు, ఒకటి తగిలిందా, ఆ అబద్ధం క్యాష్‌లో కూర్చుంటుంది, ఆ రిసాల్వర్‌ని అడిగే వేలమందికీ అదే చెప్తుంది.

చాలా ఏళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే ఒకసారి గురి తప్పి అసలు జవాబు క్యాష్‌లోకి వెళ్తే, అది చెల్లేదాకా, ఒక్కోసారి రోజంతా, దొంగ ఆగాలి. 2008లో డాన్ కమిన్‌స్కీ దీనికి అడ్డదారి కనిపెట్టాడు. అసలు పేరు అడగకుండా, దాని ముందు పిచ్చి అక్షరాలు తగిలించి లేని పేర్లు అడగడం. ప్రతి పిచ్చి పేరూ కొత్తదే, క్యాష్‌లో ఉండదు, కాబట్టి ప్రతిసారీ కొత్త అవకాశం. దొంగ జవాబులో "ఆ ఇల్లు సంగతి నాకు తెలీదు గానీ, ఊరి సచివాలయం మాత్రం ఇదిగో ఇక్కడికి మారింది" అని ఒక ముక్క కలుపుతాడు. అది నమ్మితే ఒక ఇల్లు కాదు, ఊరు మొత్తం పోయినట్టే.

ఆయన దాన్ని అమ్ముకోలేదు, వెంటనే బయటా పెట్టలేదు. పెద్ద కంపెనీల వాళ్లని గుట్టుగా పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు, 2008 జులై 8న అందరూ ఒకే రోజు మరమ్మతు విడుదల చేశారు. ప్రశ్న బయల్దేరే పోర్టుని, అంటే కంప్యూటర్‌కి ఉండే గుమ్మం నంబరుని, కూడా ప్రతిసారీ మార్చడమే ఆ మరమ్మతు, దాంతో ఊహించాల్సినవి వేలల్లోంచి వందల కోట్లలోకి వెళ్లిపోయాయి. కమిన్‌స్కీ 2021లో, 42 ఏళ్లకే చనిపోయాడు.

జవాబు మీద సంతకం ఉంటే ఈ గొడవే ఉండదు కదా?

అదే డీఎన్ఎస్‌సెక్. కలెక్టరేట్ మండలానికి, మండలం సచివాలయానికి సంతకంతో పూచీ ఇస్తాయి, మధ్యలో ఎవడైనా జవాబు మారిస్తే సంతకం కలవదు. 2010 జులై 15న రూట్‌లో సంతకం మొదలైంది. రూట్ తాళంచెవిని కాలిఫోర్నియాలో ఒక చోట, వర్జీనియాలో ఒక చోట భద్రపరిచి, ఏడాదికి నాలుగుసార్లు సాక్షుల ముందు, కెమెరాల ముందు తీసి పని చేస్తారు. తిరుపతి హుండీ లెక్కింపంత కట్టుదిట్టం.

ఆ తాళంచెవిని మొట్టమొదటిసారి మార్చింది 2018 అక్టోబర్ 11న. పాత చెవినే పట్టుకు కూర్చున్న రిసాల్వర్లు ఉంటే వాటి కింద జనానికి నెట్ పోతుందేమో అని ప్రపంచమంతా టెన్షన్ పడింది, అంతకు ముందు ఒక ఏడాది వాయిదా కూడా వేశారు. మన టైం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకి మార్చారు, పెద్దగా ఏమీ కాలేదు. ఇక్కడ మాకు ఆ తారీకు వేరేగా గుర్తు. ఆ రోజు తెల్లవారుజామునే తిత్లీ తుఫాను మా పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టం. రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు లేదు, టవర్ లేదు, నేను ఫోన్ ఛార్జింగ్ కోసం ఎవరి బండి బ్యాటరీ దొరుకుతుందా అని తిరుగుతున్నాను. ప్రపంచంలో తాళం మారిన సంగతి మాకు వారం తర్వాత తెలిసింది.

డీఎన్ఎస్‌సెక్ జవాబుని దాచదు, మీరు ఏ పేరు అడిగారో దారిలో ఎవరైనా చూడొచ్చు, అది నిజమైన జవాబేనని మాత్రమే చెప్తుంది. దాని సొంత తలనొప్పులు దానికున్నాయి. 2024 ఫిబ్రవరిలో కీట్రాప్ అనే లోపం బయటపెట్టారు, ఒకే ఒక్క ప్యాకెట్‌తో రిసాల్వర్‌ని సంతకాల లెక్కల్లో ముంచేసి నిలబెట్టేయొచ్చని. ఇరవై ఏళ్లకు పైగా అది అక్కడే ఉంది, ఎవరూ చూడలేదు.

రూట్ సర్వర్లు 13 అంట, అవి పడగొడితే నెట్ మొత్తం పోతుందా?

13 అనేది పేర్ల లెక్క. ఒక్కో పేరు వెనకా ఎన్నో చోట్ల యంత్రాలు ఉంటాయి, అన్నీ కలిపి వెయ్యి దాటాయి, మన దేశంలో కూడా ఉన్నాయి. 2002 అక్టోబర్ 21న 13 పేర్ల మీదా ఒకేసారి దాడి చేశారు, గంటసేపు నడిచింది, మామూలు జనానికి తెలియను కూడా తెలియలేదు, ఎందుకంటే క్యాష్‌లో జవాబులు ఉన్నాయి. కాబట్టి రూట్ గురించి మీరు నిద్ర పాడుచేసుకోవద్దు.

నిజంగా దెబ్బ తగిలింది 2016లో, అదీ అక్టోబర్ 21నే. డైన్ అనే కంపెనీ పెద్ద పెద్ద సైట్లకి డీఎన్ఎస్ చూసేది, దాని మీదకి మిరాయ్ అనే సైన్యం వెళ్లింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్, స్పాటిఫై అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ సైట్లు బాగానే ఉన్నాయి, అడ్రసు చెప్పేవాడే లేడు. సైన్యం అంటే ఏవో సూపర్ కంప్యూటర్లు అనుకునేరు. సీసీ కెమెరాలు, వాటి రికార్డర్లు, ఇంటి రౌటర్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చనివి. అరవై చిల్లర యూజర్, పాస్‌వర్డ్ జతలు వరసగా కొట్టి చూసేది మిరాయ్, అంతకు మించి తెలివేమీ లేదు. మీ షాపులో దొంగల కోసం పెట్టిన కెమెరా రాత్రిపూట తనే దొంగల బండిలో ఎక్కుతోందేమో చూసుకోండి.

యాంప్లిఫికేషన్ అని చదివాను, అదేంటి?

దొంగ తన అడ్రసు బదులు మీ అడ్రసు రాసి ఊళ్లో ఉన్న సర్వర్లన్నిటికీ చిన్న ప్రశ్న పంపుతాడు, జవాబులన్నీ మీ ఇంటి మీద పడతాయి. అరవై బైట్ల ప్రశ్నకి మూడు వేల బైట్ల జవాబు రప్పించొచ్చు. 2013లో చెత్త మెయిళ్లు పంపేవాళ్ల జాబితాలు తయారుచేసే స్పామ్‌హౌస్ అనే సంస్థ మీద ఈ పద్ధతిలోనే సెకనుకి 300 గిగాబిట్ల దాకా పోశారు.

మాకు సొంత వెబ్‌సైట్ ఉంది. దాని పేరు ఎవరైనా కొట్టేయగలరా?

కొట్టేయక్కర్లేదు, మీరే వదిలేస్తారు. పొందూరు ఖద్దరు అమ్మే ఒకాయన సైటు ఒక రోజు తెరిస్తే ఆన్‌లైన్ జూదం ప్రకటనలు వచ్చాయి. హ్యాకింగ్ కాదు, గడువు తీరినా డబ్బు కట్టలేదు, వేరెవరో కొనుక్కున్నారు. గుర్తుచేసే మెయిళ్లు వచ్చాయి గానీ సైటు కట్టిన కుర్రాడి మెయిల్‌కి వచ్చాయి, ఆ కుర్రాడు బెంగళూరు వెళ్లి రెండేళ్లయింది. ఆయన పంపిణీ చేసిన సంచుల మీదా బిల్లుల మీదా ఇప్పటికీ ఆ పాత పేరే ఉంది.

నా కస్టమర్లకి నేను చెప్పేది ఇది. డొమైన్, అంటే సైటు పేరు, మీ సొంత పేరు మీద, మీ సొంత మెయిల్‌తో ఉండాలి. ఆ అకౌంట్‌కి రెండో అంచె ఓటీపీ పెట్టాలి. పేరుని వేరేచోటికి మార్చేసుకోకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ వేయాలి. ఆటో రెన్యువల్ పెట్టి, కార్డు గడువు తీరిందేమో ఏడాదికోసారి చూడాలి. వాడడం మానేసిన సబ్‌డొమైన్లు, అంటే మీ సైటు పేరు ముందు ఇంకో మాట తగిలించి పెట్టుకున్న పేర్లు, తీసేయాలి, లేకపోతే అవి చూపించే ఖాళీ జాగాని ఎవరైనా అద్దెకి తీసుకుని మీ బోర్డు కింద దుకాణం పెడతారు.

ఇక నిజంగా కొట్టేసిన కథ కావాలంటే 2016 అక్టోబర్‌లో బ్రెజిల్‌లో ఒక బ్యాంకుది. దొంగలు బ్యాంకు డొమైన్ అకౌంట్‌లోకి దూరి 36 పేర్లనీ తమ సర్వర్ల వైపు తిప్పేశారు, కొన్ని గంటలపాటు బ్యాంకు మొత్తం వాళ్ల చేతిలో. పైన రౌటర్ కథలో తాళం గుర్తు పట్టించింది కదా, ఇక్కడ అదీ పట్టించదు. పేరు వాళ్ల చేతిలో ఉంది కాబట్టి ఆ పేరు మీద తాళం గుర్తు తెప్పించే అసలైన సర్టిఫికెట్టే తెచ్చుకున్నారు. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వం తన ఆఫీసులన్నిటినీ పది పని దినాల్లో డీఎన్ఎస్ రికార్డులు సరిచూసుకోమని అత్యవసర ఆదేశం ఇచ్చింది కూడా ఇలాంటి దొంగతనాలు చూసే.

బ్యాంకు అడ్రసులు మారాయేంటి, ఇది కూడా మోసమేనా?

కాదు. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే పేర్లకి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ పేర్లు ఇచ్చేది ఒకే సంస్థ, హైదరాబాద్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ, బ్యాంకు కానివాళ్లకి ఇవ్వదు. అంటే పేరులో ఎక్కడో బ్యాంక్ అని ఉంటే చాలదు, చివర సరిగ్గా బ్యాంక్ డాట్ ఇన్ అని ముగియాలి. పేరు చదివేటప్పుడు కుడివైపు నుంచి చదవడం అలవాటు చేసుకోండి, దొంగ ఎడమవైపు ఏమైనా రాసుకోగలడు. ఇది ఒకలాంటి పేర్లతో చేసే మోసాన్ని ఆపుతుంది, రౌటర్ మార్చేసినవాడిని ఆపదు. ఎర్ర పేజీ వస్తే మూసేయాల్సిందే.

8.8.8.8 పెట్టేస్తే సేఫ్ అన్నాడు మా మేనల్లుడు?

కొంత నిజం. అది గూగుల్ రిసాల్వర్, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది, 9.9.9.9 క్వాడ్9 వాళ్లది, ఇది దొంగ సైట్లని తెలిసినవాటికి అడ్రసు చెప్పకుండా ఆపుతుంది కూడా. ఇంట్లో పెద్దవాళ్లుంటే నేను ఇదే పెడతాను. కానీ అంకెలు మార్చినంత మాత్రాన ప్రశ్న సీలు లేని కార్డు మీదే వెళ్తుంది, దారిలో చూడొచ్చు, మార్చొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, అది పెడితే కవర్లో పెట్టి అంటించినట్టు. రైల్వే స్టేషన్ల ఉచిత వైఫై వాడేవాళ్లు ముఖ్యంగా పెట్టుకోండి. లాగిన్ పేజీ రాక విసిగిస్తే కాసేపు ఆపి మళ్లీ పెట్టుకోవచ్చు. అయితే ఇప్పుడు మీరు ఏ సైట్లు చూస్తున్నారో నెట్ కంపెనీకి బదులు ఆ రిసాల్వర్ వాడికి తెలుస్తుంది, ఎవరో ఒకరిని నమ్మక తప్పదు.

2021లో ఫేస్‌బుక్, వాట్సాప్ రాత్రంతా పోయాయి, అది హ్యాకింగే కదా?

కాదు. అక్టోబర్ 4న వాళ్ల మనుషులే మరమ్మతులో పొరపాటు చేశారు, వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లకి వెళ్లే దారి నెట్ మ్యాపులోంచి చెరిగిపోయింది. ఆరు గంటలు. ఆ రాత్రి నాకు వచ్చినన్ని ఫోన్లు తిత్లీకి కూడా రాలేదు, తిత్లీకి టవర్లు లేవు కాబట్టి.

వైరస్‌లకీ డీఎన్ఎస్‌కీ సంబంధం ఉందా?

వైరస్ కూడా తన యజమాని ఎక్కడున్నాడో పేరుతోనే వెతుక్కుంటుంది. దొంగిలించిన సమాచారాన్ని ముక్కలు చేసి డీఎన్ఎస్ ప్రశ్నల్లోనే పేర్లలాగా పెట్టి బయటికి పంపేవీ ఉన్నాయి, ఆఫీసుల్లో అన్నీ ఆపేసినా డీఎన్ఎస్ ఆపరు కాబట్టి. కానీ ఒకసారి ఇది మనకి కలిసొచ్చింది. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా ఆగిపోయాయి, ఆ జాబితాలో శ్రీకాకుళం జిల్లా పేరూ పేపర్లో వచ్చింది. ఆ వైరస్ ఎక్కడికి వెళ్లినా ముందు ఒక అర్థంపర్థం లేని పొడుగాటి పేరు నెట్‌లో ఉందా అని చూసేది, ఉంటే పని మానేసేది. మార్కస్ హచిన్స్ అనే ఇంగ్లండ్ కుర్రాడు పది డాలర్ల చిల్లర పెట్టి ఆ పేరు కొన్నాడు. వైరస్ చాలాచోట్ల ఆగిపోయింది.

డబ్బు పోయాక మీ దగ్గరికి వస్తే ఏం చేస్తారు?

నా దగ్గరికి రాకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి అకౌంట్‌లో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకి చెప్పండి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. రౌటర్ రీసెట్ చేసే ముందు ఆ డీఎన్ఎస్ గడి ఫోటో తీసి ఉంచండి, పోలీసులకి పనికొస్తుంది. ఇది నేను ఆ జీడిపప్పు ఆఫీసులో చేయలేదు, కంగారులో ముందే రీసెట్ కొట్టేశాను.

కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్ నేను మర్చిపోతే?

చిన్న కాగితం మీద రాసి రౌటర్ అడుగున అంటించండి. పాస్‌వర్డ్ రాసిపెట్టకూడదని అంటారు, ఆఫీసులకైతే నిజమే. మీ ఇంటి రౌటర్‌కి వచ్చే దొంగ ఏ దేశంలోనో కూర్చుని ఉంటాడు, మీ గూట్లో ఉన్నదాన్ని బోర్లించి చూడలేడు.